కాళ్ళలో ఉబ్బిన సిరలు

మన తెలుగునాట ఏ ఊరికి వెళ్ళినను, పిక్కమీద నీలిరంగున మెలికలు తిరిగి పైకి తేలియున్న రక్తనాళమును చూచి జనులు చెప్పు మాట ఒక్కటే: "నరము తేలినది." కొందరు "నరము ఉబ్బినది" అందురు, మరికొందరు "నరాలు చుట్టుకొన్నవి" అందురు. మాట ఏదైనను అందులో నరము అను పదము తప్పక ఉండును. ఆసుపత్రులలో వేరికోస్ వెయిన్స్ అని వ్యవహరింపబడు వ్యాధి ఇదియే. దీనిని గూర్చి చెప్పబూనిన మేము మొదట ఈ పేరును గూర్చియే కొంత మనవి చేయవలసియున్నది. ఏలయన, వ్యాధి చేయు కీడులో సగము ఈ పేరే చేయుచున్నదని మా అభిప్రాయము.

మన వాడుకలో నరము అనగా రెండు వేర్వేరు వస్తువులు. స్పర్శను, కదలికను మోసికొనిపోవు తీగవంటిది ఒకటి. రక్తమును మోసికొనిపోవు గొట్టమువంటిది వేరొకటి. సూదిమందు ఎక్కించునపుడు నర్సు "నరము దొరకలేదు" అనును. అది రక్తనాళము. ఒకనికి చేయి పడిపోయినపుడు ఇరుగుపొరుగువారు "నరము దెబ్బతిన్నది" అందురు. అది నాడీతంతువు. పేరు ఒక్కటే అగుటచే భయము కూడ ఒక్కటే అయినది. "తేలిన నరమును కోసినచో కాలు పడిపోవును" అను మాట రోగి చెప్పును, రోగి భార్య చెప్పును, తోడు వచ్చిన మేనమామ కూడ చెప్పును. ఈ భయముచేతనే పది పదునైదేండ్లు పంచెచాటున, చీరచాటున కాలిని దాచుకొని, తుదకు చీలమండపైన పుండు పడిన తరువాత వైద్యుని యొద్దకు వచ్చువారిని మేము తరచు చూచుచుందుము.

పైకి తేలినది నరము కాదు, సిర. ప్రాచీనులు ఈ పదమునే వాడిరి. సుశ్రుతసంహితలో నిదానస్థానమున గ్రంథులను వర్ణించుచోట సిరాజగ్రంథి యని ఒకటి కలదు. ఈ ప్రసంగమున మేము సిర యను పదమునే వాడుదుము.

గుండెనుండి రక్తమును అవయవములకు కొనిపోవునవి ధమనులు. తిరిగి గుండెకు చేర్చునవి సిరలు. పాదమువఱకు దిగుట రక్తమునకు కష్టము కాదు. గుండె తోయుచున్నది, భూమి లాగుచున్నది. తిరిగి ఎక్కుటయే కష్టము. నిలుచున్న మనిషిలో పాదమునుండి గుండెకు సుమారు నాలుగడుగుల ఎత్తు. గుండె తోసిన బలము అప్పటికే చాలవఱకు వ్యయమైపోయి యుండును. మరి ఆ రక్తమును పైకెక్కించునది ఏది? పిక్కలోని కండరములు. అడుగు వేసిన ప్రతిసారియు ఆ కండరములు బిగిసి, తమ నడుమనున్న లోతుసిరలను పిండి, రక్తమును పైకి చిమ్మును. పిక్కను రెండవ గుండె యని వైద్యులు పిలుచుట ఇందువలననే.

పైకి చిమ్మిన రక్తము తిరిగి క్రిందికి జారకుండుటకు సిరలలో చిన్న చిన్న కవాటములు కలవు. పలుచని రెండు రేకులు ఎదురెదురుగా అమర్చబడి, పైకి పోవు రక్తమునకు దారి ఇచ్చి, క్రిందికి వచ్చు రక్తమునకు అడ్డుపడును. ఊరి బోరింగు పంపును ఎరిగినవారికి ఇది సులభముగా బోధపడును. పంపు లోపలి తోలు వాషరు బాగుగా ఉన్నంతకాలము ఎత్తిన నీరు పైననే నిలుచును. వాషరు అరిగినచో ఎంత కొట్టినను నీరు క్రిందికి దిగిపోవును. కాలిసిరలలో కవాటములు చెడుట అటువంటిదే. ఇటలీదేశమున పాదువా నగరములో శరీరశాస్త్రము బోధించిన ఫాబ్రీషియస్ 1603లో ఈ కవాటములను గూర్చి గ్రంథము ప్రకటించెను. కాని వాని ప్రయోజనమును సరిగా గుర్తింపలేకపోయెను. అతని శిష్యుడు విలియం హార్వే వానిని మఱల పరిశీలించి, రక్తము ఒక్క దిక్కునకే పోవుచున్నదని గ్రహించి, 1628లో రక్తప్రసరణ సిద్ధాంతమును లోకమునకు వెల్లడించెను. గురువు చూచిన తలుపులే శిష్యునికి దారి చూపినవి.

కదలక నిలుచున్న మనిషి చీలమండ వద్ద సిరలోని ఒత్తిడి పాదరసపు కొలతలో 80 నుండి 90 మిల్లీమీటర్ల వఱకు ఉండును. ఆరోగ్యవంతుడు నడక మొదలుపెట్టగనే కొద్ది అడుగులలో అది 30 ప్రాంతమునకు దిగిపోవును. కవాటములు చెడినవానికి నడచినను ఆ ఒత్తిడి తగినంత తగ్గదు. పగలంతయు చర్మము క్రింది సన్నని నాళములపై ఆ బరువు పడుచునే యుండును. ఈ వ్యాధియొక్క బాధలన్నిటికిని మూలము ఇదే.

కాలిలో సిరలు రెండు వరుసలు. కండరముల నడుమ లోతుగా పోవునవి కొన్ని. చర్మము క్రింద పైపైన పోవునవి కొన్ని. కాలిరక్తములో పదింట తొమ్మిదిపాళ్ళు లోతుసిరలగుండనే పైకి పోవును. ఉబ్బునవి మాత్రము పైసిరలు. వానిలో ముఖ్యమైనది లోపలి చీలమండ ముందుభాగమున బయలుదేరి, మోకాలి లోపలివైపుగా తొడమీదుగా గజ్జవఱకు పోవు పొడవైన సిర. పిక్క వెనుక మడమవైపునుండి మోకాలి మడతవఱకు పోవు చిన్నసిర మరియొకటి. ఈ లెక్కను శ్రోతలు జ్ఞాపకముంచుకొందురుగాక. చికిత్సను గూర్చి చెప్పునపుడు దీనితో పని కలదు.

కవాటములు ఎందుకు చెడును? వంశమున ఉండుట, వయస్సు, గర్భధారణలు, స్థూలకాయము, గంటలకొలది నిలుచుండు వృత్తులు, ఇవి ముఖ్యములు. తల్లికి గాని తండ్రికి గాని ఉన్నచో బిడ్డలకు వచ్చుట ఎక్కువ. ఇది ఆడువారి వ్యాధి యని ఒక నమ్మకము కలదు. స్కాట్లండులోని ఎడింబరో నగరమున 18 నుండి 64 ఏండ్ల వయస్సుగల స్త్రీపురుషులను పరీక్షించి 1999లో ప్రకటించిన లెక్కలలో, ముఖ్యసిరలు ఉబ్బినవారు పురుషులలో నూటికి సుమారు 40 మంది, స్త్రీలలో సుమారు 32 మంది తేలిరి. ఆడువారు వైద్యుని యొద్దకు ముందుగా వత్తురు, మగవారు పుండు పడువఱకు రారు. భేదము అంతే కావచ్చును. గర్భవతులలో ఉబ్బిన సిరలు ప్రసవానంతరము కొన్ని నెలలలో చాలవఱకు తగ్గును గనుక, ఆ కాలమున శస్త్రచికిత్స చేయరు. ఒత్తిడి మేజోళ్ళు తొడిగించి వేచియుందురు.

నిలుచుండు వృత్తులను గూర్చి ఒక మాట. హోటలు వంటవాడు, మంగలి, ఇస్త్రీ చేయువాడు, కూడలిలోని పోలీసు, బడిపంతులు, బట్టల దుకాణమున చీరలు విప్పి చూపు అమ్మాయి, వీరందరు రోజుకు ఎనిమిది పదిగంటలు నిలుచునే బ్రదుకుదురు. నిలువుకాళ్ళ కొలువు ఒక్కటే కవాటమును చెరుపునని చెప్పజాలముగాని, చెడిన కవాటమునకు అది శత్రువు. కేరళ రాష్ట్రమున బట్టల దుకాణములలోని స్త్రీలు కూర్చుండు హక్కుకై పోరాడగా 2018లో అచ్చటి దుకాణముల చట్టమును సవరించి కూర్చుండుటకు వసతి కల్పింపవలెనని నిర్ణయించిరి. 2021లో తమిళనాడు కూడ అట్టి సవరణ చేసెను. బేరము లేని వేళ అమ్మాయి కూర్చుండుట యజమానికి అమర్యాదగా తోచవచ్చును. ఒక స్టూలు ఖరీదు ఎంతయో అతడు ఆలోచించుకొనవలెను.

ఇక లక్షణములు. కొందరికి సిరలు తాళ్ళవలె ఉబ్బియున్నను ఏ బాధయు ఉండదు. కొందరికి పైకి కనిపించునది స్వల్పము, బాధ మాత్రము అధికము. సాధారణముగా ప్రొద్దు వాలుకొలది కాళ్ళు బరువెక్కును, పిక్కలు లాగును, చీలమండల వద్ద వాపు కనిపించి పట్టీలు బిగియును, తెల్లవారి లేచునప్పటికి వాపు తగ్గియుండును. రాత్రివేళ పిక్కలు పట్టివేయుట, సిరల వెంబడి దురద, మంట కూడ కలవు. ఈ బాధకు ఒక గుర్తు ఉన్నది. నిలుచున్నచో పెరుగును, కాళ్ళు ఎత్తిపెట్టి పరుండినను, కొంత నడచినను తగ్గును. ఇందుకు భిన్నముగా, నడచుచుండగా పిక్కలో నొప్పి పుట్టి, ఆగి నిలుచుండగనే తగ్గిపోవునది సిరల నొప్పి కాదు. ధమనులలో అడ్డు కలుగుటవలన వచ్చునది. చుట్టలు, బీడీలు కాల్చువారిలోను, మధుమేహము గలవారిలోను అది ఎక్కువ. రెంటికిని చికిత్స వేరు. మోకాలి కీళ్ళ అరుగుదల, నడుమునుండి దిగు నొప్పి, మధుమేహమువలని అరికాళ్ళ మంటలు కూడ ఉబ్బిన సిర కనిపించిన పాపమునకు దానిమీదికి నెట్టబడుచుండును. కాలునొప్పి యంతయు సిరలనొప్పి కాదు.

నొప్పికంటె మేము ఎక్కువగా గమనింపుమని కోరునది చర్మమును. లోపలి చీలమండకు పైన, జానెడు మేర, చర్మము మొదట గోధుమవన్నెకు తిరుగును. రక్తకణములు సన్నని నాళములనుండి బయటికి వచ్చి, వానిలోని ఇనుము చర్మమున నిలిచిపోవుటచే ఈ మచ్చ ఏర్పడును. పిమ్మట అచ్చట దురద, పొలుసులు, రసి. గజ్జియనుకొని పూతమందులు పూయుదురు. పిదప చర్మము గట్టిపడి బిగుసుకొని, కాలు పైన లావు, క్రింద సన్నమై తలక్రిందులైన సీసావలె కనిపించును. ఆ దశలో దోమకాటు చాలును, మంచపుకోడు తగిలిన గీత చాలును, పుండు పడును, మానదు.

ఈ పుండు కథ విచారకరమైనది. పసుపు, వేపాకు, పచ్చి ఆకుల ముద్ద, దుకాణములో దొరకు రంగురంగుల పొడులు, ఒకదాని తరువాత ఒకటి దానిపై పడుచుండును. మా యొద్దకు వచ్చిన ఒక వృద్ధ ఉపాధ్యాయుడు మూడేండ్లలో తాను వాడిన పూతమందుల పేర్లన్నియు నోటుబుక్కులో తేదీలతో సహా వ్రాసి తెచ్చెను. అన్నియు పుండుపైన వేసినవే. పుండును పుట్టించిన సిరను ఎవరును చూడలేదు, కట్టు ఎవరును బిగించి కట్టలేదు. గొట్టము కారుచుండగా నేల తుడుచుట వంటిది అది. ఈ పుండునకు ప్రథమౌషధము పాదమునుండి మోకాలి దిగువవఱకు సమముగా ఒత్తిడి కలుగునట్లు శిక్షణ పొందినవారు కట్టు పొరల కట్టు. జర్మను చర్మవైద్యుడు పాల్ ఊనా పందొమ్మిదవ శతాబ్దపు చివర జింకుముద్ద పట్టించిన గుడ్డతో కట్టిన కట్టు నేటికిని వాడుకలో ఉన్నది. అయితే కట్టు కట్టుటకు ముందు పాదములో ధమనులు బాగుగా కొట్టుకొనుచున్నవో లేదో పరీక్షింపవలెను. చీలమండ వద్దను, చేతివద్దను రక్తపుపోటు కొలిచి పోల్చి చూతురు. ధమనులు మూసికొనియున్న కాలికి బిగువుకట్టు కట్టినచో కాలికే ముప్పు. మధుమేహము గలవారు ఈ పరీక్ష లేకుండ ఎవరిచేతను కట్టు కట్టించుకొనరాదు.

రెండు ఆపదలను గూర్చి ప్రత్యేకముగా చెప్పెదము.

మొదటిది రక్తస్రావము. చీలమండ దగ్గర పలుచబడిన చర్మముక్రింద ఉబ్బియున్న సిర, స్నానము చేయునపుడు గాని గోకుకొనునపుడు గాని చిట్లి, రక్తము ధారగా చిమ్మవచ్చును. నొప్పి ఉండదు. కనుక కొందరు కాలిక్రింద తడి తగులువఱకు తెలిసికొనలేరు. అప్పుడు చేయవలసినది అతి సులభము: రోగిని వెంటనే వెల్లకిల పరుండబెట్టి, కాలిని గుండెకంటె ఎత్తుగా పట్టి, శుభ్రమైన గుడ్డ మడిచి రక్తము వచ్చుచోటనే గట్టిగా అదిమి పట్టవలెను. పది పదునైదు నిమిషములు చేయి తీయరాదు. చేయరానిది మరియొకటి కలదు. రోగిని కుర్చీలో కూర్చుండబెట్టి తొడకు తువ్వాలు బిగించి కట్టుదురు. సిరరక్తము పైకి పోవు దారి దానివలన మూసికొని, గాయమునుండి ఇంకను ఎక్కువగా కారును. మామూలు గాయమని తలచి కూర్చున్నచోటనే ప్రాణములు పోగొట్టుకొన్నవారు కలరు. రక్తము నిలిచినను ఆ దినమే ఆసుపత్రికి పోవలెను. చిట్లిన సిర మఱల చిట్లును.

రెండవది రక్తము గడ్డకట్టుట. ఉబ్బిన పైసిర ఒకచోట ఎఱ్ఱబారి, తాడువలె గట్టిపడి, తాకిన నొప్పి పుట్టినచో అందులో రక్తము గడ్డకట్టినదని తెలియవలెను. అది చాలవఱకు ప్రాణాపాయము కాదుగాని, గజ్జవఱకు ప్రాకవచ్చును గనుక వైద్యునికి చూపవలెను. ఒక్క కాలు మాత్రము హఠాత్తుగా వాచి, పిక్క బిగుసుకొని నొప్పియైనచో అది లోతుసిరలోని గడ్డ కావచ్చును. ఆ గడ్డ తెగి ఊపిరితిత్తులకు పోయినచో ప్రాణాంతకము. మన ఇండ్లలో కాళ్ళు నొప్పియనగనే నూనె రాచి పిసుకుట మర్యాద. అట్టి కాలిని మాత్రము పిసుకరాదు. ఆ గంటలోనే ఆసుపత్రికి చేర్చవలెను.

రోగనిర్ణయమునకు పూర్వము కాలిని ఎత్తి, సిరలు ఖాళీయైన పిదప తొడకు రబ్బరుపట్టీ కట్టి, రోగిని నిలువబెట్టి సిరలు పైనుండి నిండుచున్నవా, క్రిందినుండియా అని చూచెడివారు. నేడు డాప్లర్ అల్ట్రాసౌండు పరీక్ష ఆ స్థానమును ఆక్రమించినది. సూదిపోటు లేదు, నొప్పి లేదు. ఏ సిరలో ఏ కవాటము వద్ద రక్తము వెనుకకు జారుచున్నదో తెరపై కనిపించును. ఈ పరీక్షను నిలుచుండబెట్టి చేయించుకొనవలెను. పరుండబెట్టిన కాలిలో దోషము మరుగుపడవచ్చును.

చికిత్సలో కత్తి చరిత్ర పాతది. రోమను సేనాని మారియస్ ఒక కాలికి శస్త్రచికిత్సను కట్లులేకుండ, కదలక సహించి, రెండవ కాలిని చూపుమనగా ఆ నొప్పికి తగిన లాభము కానరాదని చాలించుకొనెనని ప్లూటార్కు వ్రాసియున్నాడు. మత్తుమందు లేని కాలమున అది సబబైన నిర్ణయమే. జర్మనీలో ట్రెండెలెన్‌బర్గు 1890 ప్రాంతమున తొడవద్ద పొడవుసిరను ముడివేయు పద్ధతిని వివరించెను. 1907లో అమెరికాలో బాబ్‌కాక్ ఆ సిరలో తీగను దూర్చి పూర్తిగా లాగివేయు సాధనమును ప్రకటించెను. వందేండ్లు ఆ పద్ధతియే నడచినది. నేడును కొన్ని ఆసుపత్రులలో నడచుచున్నది. అయితే ఈ శతాబ్దారంభమునుండి సిరను కోసి తీయుటకు బదులు లోపలనే మూసివేయు పద్ధతులు వచ్చినవి. మోకాలి దగ్గర సూదిరంధ్రముగుండ సన్నని తీగను సిరలోనికి పంపి, లేజరు వేడితోగాని రేడియో తరంగముల వేడితోగాని గోడలను కాల్చి అతికింతురు. స్థానికముగా మత్తు ఇచ్చిన చాలును. రోగి ఆ దినమే నడచి ఇంటికి పోవును. నురుగువలె చేసిన మందును సూదితో ఎక్కించి సిరను మూయుట మరియొక పద్ధతి. ఇంగ్లండులోని ఆరోగ్యసంస్థ 2013లో ఇచ్చిన సూచనలలో వేడితో మూయుటకు మొదటి స్థానము, నురుగుమందునకు రెండవది, కత్తికి మూడవది ఇచ్చెను.

పుండు పడినవారి సంగతియు ఇందువలన మారినది. వెనుక పుండు మానిన పిదప సిరసంగతి చూతమనెడివారు. బ్రిటనులో 450 మంది రోగులపై జరిపి 2018లో ప్రకటించిన పరిశోధనలో, కట్టుతోపాటు సిరను కూడ వెంటనే మూసినవారికి పుండు మానుటకు పట్టిన మధ్యస్థకాలము 56 దినములు; కట్టు కట్టి సిరను తరువాతకు వాయిదా వేసినవారికి 82 దినములు. కావున పుండు ఉన్నదని చికిత్స వాయిదా వేయనక్కరలేదు. పుండు ఉన్నందువలననే త్వరపడవలెను.

ఇప్పుడు మొదటి భయమునకు వత్తము. "సిరను మూసినచో రక్తము ఎటు పోవును?" లోతుసిరలు బాగుగా ఉన్నవని పరీక్షలో తేలిన తరువాతనే పైసిరను మూయుదురు. పదింట తొమ్మిదిపాళ్ళు మోయునవి అవియే యని ఇదివఱకే చెప్పితిమి. చెడిన సిర పైకి మోయునదేమియు లేదు, క్రిందికి జార్చుచున్నది. దానిని మూసినచో లోతుసిరల భారము తగ్గునేగాని పెరుగదు. ఇంకను సందేహించువారు తమ బంధువులలో గుండెకు బైపాసు శస్త్రచికిత్స జరిగినవారి కాలిని చూతురుగాక. వారిలో అనేకులకు చీలమండనుండి పైకి పొడుగాటి మచ్చ ఉండును. 1967లో అమెరికాలోని క్లీవ్‌లాండునందు ఫవలోరో అను వైద్యుడు కాలిలోని ఈ పొడవుసిరనే తీసి గుండెధమనికి ప్రక్కదారిగా కుట్టు పద్ధతిని నెలకొల్పెను. నాటినుండి లక్షలాది జనుల కాళ్ళలో ఆ సిర తీయబడినది. వారెవరికిని ఆ కారణమున కాలు పడిపోలేదు. సిర ప్రక్కన స్పర్శనాడి ఒకటి పోవుచుండుట నిజము. చికిత్సానంతరము కొందరికి పిక్కమీద గాని చీలమండవద్ద గాని కొంతమేర తిమ్మిరి మిగులవచ్చును. అది స్పర్శకు సంబంధించినదే, కదలికకు కాదు. కొన్నేండ్లకు వేరొక సిర ఉబ్బవచ్చునని కూడ ముందే తెలిసియుండుట మంచిది.

అందరికిని ఈ చికిత్స అవసరము లేదు. బాధ లేక, చర్మము శుభ్రముగా ఉన్నవారు ఇంటిపద్ధతులతో కాలము గడపవచ్చును. అవి ఉబ్బిన సిరను మాన్పవుగాని, బాధను వాపును తగ్గించును. రోజూ నడచుట, నిలుచుండక తప్పనిచోట గంటకొకసారి మడమలెత్తి దించుచు పిక్కకు పని కల్పించుట, ఇంటికి వచ్చిన పిదప పాదములు గుండెకంటె ఎత్తుగా ఉండునట్లు కొంతసేపు పరుండుట. చిన్నపీటపై కాలు పెట్టి కూర్చున్నచో అది ఎత్తినట్లు కాదు. మంచపు కాళ్ళవైపు కోళ్ళక్రింద రెండేసి ఇటుకలు పెట్టుట మంచి ఉపాయము. గుండెజబ్బువలన పరుండినపుడు ఆయాసము వచ్చువారు మాత్రము వైద్యుని అడుగక అట్లు చేయరాదు.

ఒత్తిడి మేజోళ్ళను గూర్చి తుదిమాట. వానిని కాలి కొలతలు తీయించి కొనవలెను. చీలమండ వద్ద బిగువు అధికముగాను, పైకిపోవుకొలది తక్కువగాను ఉండును. తెల్లవారి మంచము దిగకముందే, వాపు లేనప్పుడే తొడుగుకొనవలెను. రాత్రి పరుండునపుడు తీసివేయవచ్చును. అంచు మడత పడినచో తాడు కట్టినట్లే యగును, కావున మడత లేకుండ సవరించుకొనవలెను. గోరువెచ్చని నీటిలో చేతితో ఉదికి నీడను ఆరవేయవలెను. ఆరునెలలకు సాగిపోవును గనుక క్రొత్తవి కొనవలెను. ఉక్కపోతలో వీనిని ధరించుట కష్టమే; ముఖ్యముగా పని చేయు గంటలలోనైనను ధరించినచో మేలు. మెట్టెలు తగులుకొని చిరుగునని, తీయుటకు మనసొప్పదని స్త్రీలు మాతో చెప్పుచుందురు. వ్రేళ్ళు బయటికి ఉండునట్లు అల్లిన మేజోళ్ళు దుకాణములలో దొరకును. పట్టీలు మాత్రము తీసి పెట్టెలో దాచుకొనవలెను.